బకెట్ల మోత

బకెట్టు దేనికి పనికొస్తుంది? నీళ్లు తోడటానికి. బట్టలు నానేయటానికి. ఇల్లు కడగటానికి. అమెరికాలో కొందరు సిస్టర్లు బకెట్టును ఇంకో పనికి వాడారు. వాళ్లు చర్చి సిస్టర్లు, కాలేజీ నడిపేవాళ్లు. ఇనప బకెట్లు ఒళ్లో పెట్టుకుని కర్రలతో వాయించారు. ఆ మోతకు హాలు దద్దరిల్లేది. ఎందుకు వాయించారు? తమ కాలేజీ ఆడపిల్లలు ఆట ఆడుతున్నారు. వాళ్లకు హుషారు కలగాలని వాయించారు.

ఆ కాలేజీ పేరు ఇమ్మాక్యులాటా. అది పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియా నగరానికి పడమటి వైపు ఉంది. 1920లో మొదలైంది. చాలా ఏళ్లపాటు అందులో ఆడపిల్లలే చదివారు. చిన్న కాలేజీ. పిల్లలు కొన్ని వందల మందే. వాళ్లలో ఎక్కువమంది మామూలు ఇళ్లనుంచి వచ్చినవాళ్లు. అన్నదమ్ములతో కలిసి వీధిలో బంతాట ఆడి పెరిగినవాళ్లు. చాలా ఇళ్లలో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆ పిల్లే.

వాళ్లు ఆడిన ఆట బాస్కెట్‌బాల్. బాస్కెట్ అంటే బుట్ట. 1891లో ఈ ఆట మొదలైనప్పుడు నిజంగా పళ్ల బుట్టలే కట్టారు. ఇప్పుడు ఇనప చట్రం, దానికి వల ఉంటాయి. చట్రం నేలనుంచి 10 అడుగుల ఎత్తున ఉంటుంది. జట్టుకు అయిదుగురు ఆడతారు. బంతిని నేలకేసి కొడుతూ పరుగెత్తాలి, లేదా తోటిపిల్లకు విసరాలి. ఎదుటి జట్టు బుట్టలో వేయాలి. ఆ రోజుల్లో బుట్టలో పడ్డ బంతికి 2 పాయింట్లు. ఎదుటివాళ్లు తప్పు చేస్తే ఒక్కోసారి ఊరికే బంతి విసిరే వీలు ఇస్తారు. అది పడితే 1 పాయింటు.

ఆడవాళ్లకు మాత్రం ఆ దేశంలో చాలా ఏళ్లు వేరే నియమాలు ఉండేవి. జట్టుకు ఆరుగురు. కొందరు ఈ సగంలోనే ఉండాలి, కొందరు ఆ సగంలోనే ఉండాలి. మధ్యగీత దాటకూడదు. ఆడవాళ్లు ఆ చివరనుంచి ఈ చివరిదాకా పరుగెత్తలేరని, పరుగెత్తితే ఒళ్లు పాడవుతుందని పెద్దలు అనుకున్నారు. పొద్దున్నుంచి సాయంత్రందాకా వంగి నాట్లువేసే ఆడవాళ్లకు ఈ మాట చెబితే నవ్వుతారు. చివరికి 1971లో ఆ గీత పోయింది. కాలేజీల్లో ఆడవాళ్లు కూడా అయిదుగురు చొప్పున, మొత్తం మైదానంలో ఆడసాగారు. మన కథ ఆ మరుసటి ఏడాది సంగతి.

కొత్త కోచ్

ఇమ్మాక్యులాటా కాలేజీలో ఆడుకోటానికి సొంత హాలు లేదు. ఉన్న హాలు 1967లో కాలిపోయింది. మళ్లీ కట్టటానికి వెంటనే డబ్బు లేదు. పిల్లలు సిస్టర్ల మఠం కింది అంతస్తులో ఆట నేర్చుకున్నారు. పోటీ ఆటలకు వేరే ఊళ్ల హాళ్లకు పోయేవాళ్లు. కార్లలో ఇరుక్కుని కూర్చుని పోయేవాళ్లు.

బట్టలు చూడండి. మోకాళ్ల దాకా కుచ్చిళ్లు పెట్టిన నీలం రంగు ఉన్ని గౌను. దాని కింద జాకెట్టు. అడుగున వదులు లాగు. నడుముకు పట్టీ. ఆ వేషంలో పరుగెత్తి ఎగిరి బంతి వేయాలి. చెమటకు తడిసిన ఉన్ని ఎంత బరువుంటుందో కంబళి ఉతికినవాళ్లకు తెలుసు.

1970లో కాలేజీకి కొత్త కోచ్ వచ్చింది. ఆట నేర్పేవాళ్లను కోచ్ అంటారు. ఆమె పేరు క్యాథీ రష్. వయసు 23. భర్త మగవాళ్ల బాస్కెట్‌బాల్ పోటీల్లో రిఫరీ. ఆమె జీతం ఏడాది ఆటలన్నిటికీ కలిపి 450 డాలర్లు. అప్పటి మన డబ్బులో మూడు వేల చిల్లర రూపాయలు. నెలకు కాదు, ఏడాదికి. అది జీతం అనుకోటానికి లేదు. కారు ఖర్చులకు సరిపోయి ఉంటే గొప్పే.

క్యాథీ ఆ జీతానికి తగ్గట్టు పని చేయలేదు. మగవాళ్ల జట్లు ఎలా ఆడతాయో అలా నేర్పింది. బంతి చేతిలో ఉన్నవాళ్లను ఊపిరి తిప్పుకోనివ్వకుండా చుట్టుముట్టటం నేర్పింది. తోటిపిల్ల దారికి అడ్డం రాకుండా ఎదుటివాళ్లను ఆపటం నేర్పింది. చేసిందే మళ్లీ మళ్లీ చేయించింది.

జట్టులో తెరీసా షాంక్ అనే పొడగరి పిల్ల ఉంది. ఆ పిల్ల నిజానికి వేరే కాలేజీలో చేరాలనుకుంది. ఇంతలో వాళ్ల ఇల్లు కాలిపోయింది. ఇంటివాళ్లకు దగ్గరగా ఉండాలని ఇమ్మాక్యులాటాలో చేరింది. హాలు కాలిపోయిన కాలేజీకి ఇల్లు కాలిపోయిన పిల్ల వచ్చింది. జట్టుకు ఆమే ఆయువుపట్టు అయింది.

32 పాయింట్ల ఓటమి

1972 వచ్చింది. ఆ ఏడాది ఇమ్మాక్యులాటా జట్టు వరసగా గెలుస్తూ పోయింది. ఒక్క ఆటా ఓడలేదు. ఆడవాళ్ల కాలేజీ ఆటలను చూసుకోటానికి అప్పుడే ఒక కొత్త సంఘం ఏర్పడింది. అది మార్చి నెలలో దేశం మొత్తానికి పోటీ పెట్టింది. అందులో 16 జట్లు ఆడతాయి. దానికి ముందు ఎక్కడికక్కడ ప్రాంతీయ పోటీలు జరిగాయి.

ప్రాంతీయ పోటీ చివరి ఆటలో ఇమ్మాక్యులాటాకు ఎదురుగా వెస్ట్ చెస్టర్ కాలేజీ నిలబడింది. అది పక్క ఊరి కాలేజీ. కొద్ది మైళ్ల దూరం. ప్రభుత్వ కాలేజీ, పెద్దది. ఆటలు నేర్పే టీచర్లను తయారుచేసే కాలేజీ. క్యాథీ రష్ కూడా అక్కడే చదువుకుంది.

ఆ రోజు వెస్ట్ చెస్టర్‌కు 70 పాయింట్లు వచ్చాయి. ఇమ్మాక్యులాటాకు 38. డెబ్బైలోనుంచి ముప్పై ఎనిమిది తీసేస్తే ఎంత? 32. ఈ ఆటలో అది మామూలు ఓటమి కాదు. చిత్తుగా ఓడటం. నెలల తరబడి ఓటమి ఎరగని పిల్లలు తలలు వంచుకుని బయటికొచ్చారు.

ఓడినా, ఏడాదంతా బాగా ఆడినందువల్ల దేశం పోటీకి పిలుపు వచ్చింది. గెలుస్తారని మాత్రం ఎవరూ అనుకోలేదు. బలాన్ని బట్టి 16 జట్లకు వరస నంబర్లు ఇచ్చారు. వెస్ట్ చెస్టర్‌ది ఒకటో నంబరు. ఇమ్మాక్యులాటాది 15.

పోటీ జరిగేది ఇల్లినాయ్ రాష్ట్రంలో, నార్మల్ అనే ఊళ్లో. చాలా దూరం. విమానంలో పోవాలి. అందరికీ టికెట్లు కొనేంత డబ్బు కాలేజీ దగ్గర లేదు. ఏం చేయాలి? పిల్లలు వీధుల్లో పడ్డారు. పళ్లు తోముకునే బ్రష్షులు అమ్మారు. తెలిసినవాళ్లను, తెలియనివాళ్లను అడిగి అమ్మారు. పొదుపు సంఘంలో రూపాయి రూపాయి పోగేసిన ఆడవాళ్లకు ఆ తిప్పలు వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు లెక్కపెట్టారు. ఎనిమిది మందికే సరిపోయింది. జట్టులో అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. వాళ్లూ ఏడాదంతా చెమటోడ్చినవాళ్లే, వాళ్లూ బ్రష్షులు అమ్మినవాళ్లే. వాళ్లు ఉండిపోవలసి వచ్చింది. గెలుపు కథ చెప్పేటప్పుడు ఈ పిల్లల సంగతి ఒక్క ముక్కలో దాటిపోతుంటారు. పోలేని పిల్లల డబ్బు కూడా పోయినవాళ్ల టికెట్లలో ఉంది.

పోయిన ఎనిమిది మందికి కూడా మంచి టికెట్లు దొరకలేదు. విమానంలో సీటు ఖాళీ ఉంటేనే ఎక్కనిచ్చే చౌక టికెట్లు కొన్నారు. ఖాళీ లేకపోతే ఇంకో విమానం దాకా కాసుకుని ఉండాలి. అలా చేరుకున్నారు.

అక్కడ కొద్ది రోజుల్లోనే నాలుగు ఆటలు. మొదటి ఆట సౌత్ డకోటా జట్టుతో. 60-47 తేడాతో గెలిచారు. రెండో ఆట ఇండియానా జట్టుతో. 49-47. రెండు పాయింట్ల తేడా అంటే ఒక్క బుట్ట. ఎదుటివాళ్ల బంతి ఇంకొక్కటి పడి ఉంటే లెక్క సమానం అయ్యేది. మూడో ఆట మిసిసిపీ మహిళా కాలేజీ జట్టుతో. అంతకుముందు ఏడాది దేశంలో గెలిచింది ఆ జట్టే. 46-43. మళ్లీ అంచున నిలబడి గెలిచారు. మార్చుకోటానికి ఎక్కువమంది లేరు. ఎనిమిది మందిలో అయిదుగురు లోపల ఆడుతుంటే బయట కూర్చునేది ముగ్గురే. కాళ్లు పట్టేసినా ఆడాలి.

చివరి ఆట 1972 మార్చి 19న. ఎదురుగా ఎవరు? వెస్ట్ చెస్టర్. పక్క పక్క ఊళ్ల కాలేజీలు. ఇక్కడిదాకా వచ్చి మళ్లీ ఎదురెదురు పడ్డాయి. కొద్ది రోజుల కిందట 32 పాయింట్ల తేడాతో ఓడించిన జట్టు అది. క్యాథీ చదువుకున్న కాలేజీ జట్టు. అందరి లెక్కా ఒకటే: ఈసారి కూడా వెస్ట్ చెస్టర్‌దే.

టీవీలో ఆ ఆట చూపించలేదు. ఇంటి దగ్గర అమ్మానాన్నలు, మఠంలో సిస్టర్లు కబురు కోసం కాసుకుని కూర్చున్నారు. ఆట ముగిసేసరికి లెక్క ఇది. ఇమ్మాక్యులాటా 52. వెస్ట్ చెస్టర్ 48.

ఏడాది మొత్తంలో 25 ఆటలు ఆడారు. 24 గెలిచారు. ఓడింది ఆ ఒక్కటే.

ఇంటికి తిరిగి వచ్చేసరికి ఫిలడెల్ఫియా విమానాశ్రయంలో వందలమంది నిలబడి ఉన్నారు. ఆడపిల్లల ఆటకు అంతమంది రావటం ఆ ఊరికి కొత్త.

తర్వాత

ఆ తర్వాత హాళ్లు నిండాయి. ఒక క్రీడాకారిణి తండ్రికి ఇనప సామాన్ల కొట్టు ఉంది. బకెట్లు, కర్రలు తెచ్చి ఇచ్చింది ఆయనే. సిస్టర్లతో పాటు తల్లిదండ్రులు కూడా వాయించారు. 1973లో జట్టు ఒక్క ఆట కూడా ఓడకుండా మళ్లీ దేశంలో గెలిచింది. 1974లో మూడోసారి గెలిచింది. 1975 ఫిబ్రవరి 22న న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే పేరున్న హాల్లో ఆడింది. అక్కడ ఆడవాళ్ల కాలేజీ ఆట జరగటం అదే మొదటిసారి. సుమారు 12,000 మంది వచ్చారు. ఆ రోజు కూడా ఇమ్మాక్యులాటాయే గెలిచింది, 65-61.

మొదటి గెలుపు తర్వాత మూడు నెలలకు, 1972 జూన్‌లో, అమెరికాలో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే చదువు సంస్థలు ఆడ, మగ తేడా చూపకూడదు అని అందులో ఉంది. ఆటల్లో కూడా చూపకూడదు. చట్టం రాగానే అన్నీ మారలేదు. కానీ మెల్లగా పెద్ద పెద్ద యూనివర్సిటీలు ఆడపిల్లల జట్లకు డబ్బు పెట్టాయి. బాగా ఆడే పిల్లలకు ఫీజు కట్టి చదివించాయి. హాళ్లు ఇచ్చాయి, బస్సులు ఇచ్చాయి.

దానివల్ల వేలమంది ఆడపిల్లలకు మేలు జరిగింది. ఇమ్మాక్యులాటాకు మాత్రం కష్టం వచ్చింది. చిన్న కాలేజీ. పెద్దవాటితో డబ్బులో పోటీ పడలేదు. మంచిగా ఆడే పిల్లలు ఫీజు కట్టే చోటికి పోయారు. ఎవరినీ తప్పుపట్టలేం. 1975లోను, 1976లోను ఇమ్మాక్యులాటా చివరి ఆటదాకా వచ్చి ఓడిపోయింది. 1977లో క్యాథీ రష్ కోచ్ పని వదిలేసింది. ఏడేళ్లలో ఆమె జట్టు 149 ఆటలు గెలిచింది, 15 ఓడింది.

కోచ్ పోయినా ఆమె నేర్పింది పిల్లల దగ్గర ఉంది. తెరీసా షాంక్ పెళ్లయ్యాక తెరీసా గ్రెంట్జ్ అయింది. ఆమె కూడా కోచ్ అయింది. 1992 ఒలింపిక్స్‌లో అమెరికా ఆడవాళ్ల జట్టును ఆమే నడిపింది. ఆ జట్టు మూడో స్థానంలో నిలిచి పతకం తెచ్చింది. మొదటి గెలుపు తర్వాత ఇమ్మాక్యులాటా జట్టులో చేరిన మారియన్ స్టాన్లీ కూడా కోచ్ అయింది. ఆమె నేర్పిన కాలేజీ జట్టు మూడుసార్లు దేశంలో గెలిచింది.

బాస్కెట్‌బాల్‌లో గొప్పవాళ్ల పేర్లు దాచిపెట్టే భవనం ఒకటి అమెరికాలో ఉంది. అందులో 2008లో క్యాథీ రష్ పేరు చేర్చారు. 2014లో ఇమ్మాక్యులాటా జట్టును మొత్తంగా చేర్చారు. ఆనాటి పిల్లలు అప్పటికి అరవై దాటినవాళ్లు.