నిరీక్షణలో చిరునవ్వు

వ్యాపార సంస్థకు ఫోను చేసినవారిని "దయచేసి వేచియుండండి" అని నిలిపి, ఆ విరామములో వినిపించే మాటలను గూర్చి మన సాహిత్య పాఠములలో ప్రస్తావన కనిపించదు. అయినను అదియు రచనయే. ఆ శ్రోత బదులు చెప్పలేడు, పుట తిప్పలేడు. ఫోను పెట్టివేసినచో తన వంతు పోవును. ఇంత నిస్సహాయుడైన శ్రోతయెదుట హాస్యమాడుటకు ఎంత నేర్పు కావలెనో విద్యార్థులు ఆలోచింపవలెనని మేము కోరుచున్నాము.

ఈ ఏర్పాటు పుట్టుకయే ఒక వింత. ఆల్ఫ్రెడ్ లెవీ అను అమెరికా కర్మాగార యజమాని ఫోను తీగ ఒకటి వదులై ఉక్కు దూలమునకు తగులగా, పక్క భవనములోని రేడియో ప్రసారము వేచియున్నవారికి వినిపించినది. ఆయన 1962లో దరఖాస్తు చేసి, 1966లో పేటెంటు పొందినాడు. ఆ 1962లోనే హైదరాబాదులో ముజ్తబా హుసేన్ గారు 'సియాసత్' పత్రికలో హాస్య శీర్షిక చేపట్టినారు. ఉర్దూలో తంజ్, మిజాహ్ అని రెండింటిని జంటగా చెప్పుదురు. మొదటిది పొడుచును, రెండవది పలుకరించును. వేచియున్నవానికి రెండవదే తగును.

భరతుడు నవ్వును స్మితము మొదలు అతిహసితము వరకు ఆరు విధములుగా విభజించినాడు. ఫోనులో మనకు కావలసినది పన్ను కనబడని ఆ మొదటి స్మితమే. బందరులో ఉపాధ్యాయుడుగా పనిచేసిన మునిమాణిక్యం నరసింహారావు గారి కాంతం కథలను చూడుడు. అక్కడ నవ్వుల పాలగువాడు సాధారణముగా భర్తయే, అనగా కథ చెప్పువాడే. సంస్థయు అట్లే తనను చూచి తాను నవ్వుకొనవలెను గాని, కొనుగోలుదారుని చూచి కాదు.

ఉదాహరణకు ఒక మిఠాయి దుకాణము ఇట్లు చెప్పవచ్చును: "బందరు లడ్డు తొందరలో కాదు. తొక్కవలెను, జల్లించవలెను. మా గుమాస్తా మాత్రము అంతసేపు పట్టడు." ఒకసారి వినుటకు ఇది బాగుండును. నాలుగవసారి అదే వినిపించినచో తొక్కబడుచున్నది లడ్డు కాదు, శ్రోతయే! "మీ కాల్ మాకు విలువైనది" అను వాక్యము పదేపదే వినిపించి, తలపెట్టని హాస్యమైపోయినది కూడ ఇందువలననే.

భాష విషయము మరింత సున్నితము. పారసీకమున 'బందర్' అనగా రేవు. మన ఊరి పేరు అందుండియే వచ్చినదందురు. ఉర్దూలో అవే అక్షరములకు కోతి యను అర్థమును గలదు. "బందరువారు మాట్లాడుచున్నారు" అను మాట తెలుగువానికి సమాచారము. ఉర్దూ మిత్రునికి నవ్వు. మన కళాశాలలో ఇది స్నేహితుల నడుమ చెల్లును. సంస్థ నోట వచ్చినచో పరిహాసమగును. ఒక భాషలో వ్రాసిన చమత్కారమును రెండవ భాషలోనికి అనువదింపక, దానికి వేరుగా వ్రాయించుటయే మేలు.

ఇక హాస్యమే పనికిరాని వేళలు కలవు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు సుమారు 10,000 మంది మరణించినారు. తంతి, టెలిఫోను తీగలు తెగి, బయటనున్న బంధువులు వార్తకై తపించినారు. 2020లో కరోనా హెచ్చరికగా ఫోనులలో దగ్గు వినిపించినది. హెచ్చరిక అవసరమే, కాని ఆపదలో ఫోను చేసినవానికి ఆ కొద్ది క్షణములును బరువే. 108 వంటి సేవలో చమత్కారమునకు తావు లేదు.

వ్యాపార సంస్థకును ఇట్టి ఘడియ రావచ్చును. గుడివాడ ప్రాంతమున రాత్రివేళ చెరువులో ప్రాణవాయువు తగ్గి, రొయ్యలు నీటిపైకి తేలుచుండగా మందుల కంపెనీకి ఫోను చేయు రైతునకు లడ్డు కథ వినిపింపరాదు. కనుక మొదటి వాక్యములో అత్యవసరమునకు ఏ అంకె నొక్కవలెనో, రెండవదానిలో తనకు ముందు ఎందరున్నారో చెప్పవలెను. చమత్కారము మూడవ వాక్యము నుండి మొదలు కావచ్చును.