కొత్త బూటు ఎందుకు జారింది?

తడి గచ్చు మీదో, బురదలోనో మీరు ఎన్నోసార్లు జారే ఉంటారు. జారినప్పుడల్లా "చెప్పులు అరిగిపోయాయి" అని సరిపెట్టుకుంటాం. మరి కొత్త బూట్లు తొడుక్కున్నవాడే జారిపడితే ఏమనాలి?

సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం తెల్లవారుజామున నేనూ, నా చిన్ననాటి స్నేహితులు ముగ్గురూ విశాఖపట్నంలోని కంబాలకొండ అడవిదారిలో పరుగెత్తడానికి వెళ్లాం. యాభై దాటినవాళ్లం కనుక దాన్ని పరుగు అనడం కంటే వడివడి నడక అనడమే న్యాయం! నా కాళ్లకు ముందురోజే కొన్న బూట్లు. వాటి అడుగుభాగం చదునుగా, మెత్తగా ఉంది. తారురోడ్డు మీద ఎంతో హాయిగా ఉన్నాయి. మా వాడొకడివి వెలిసిపోయిన పాత బూట్లు. కాని వాటి అడుగున లోతైన గాడులున్నాయి. ఎక్కేటప్పుడు అందరం బాగానే ఎక్కాం. దిగేటప్పుడు ఒక వాలు దగ్గర నా కాలు సర్రున జారింది. చతికిలబడ్డాను, మోచెయ్యి గీరుకుపోయింది. పాత బూట్లవాడు మాత్రం నిబ్బరంగా నిలబడి, "ఏరా, నీ బూట్ల ధర కొండకు తెలియదు కాబోలు!" అన్నాడు.

నవ్వులాటకు అన్నా, అందులో భౌతికశాస్త్రం ఉంది.

చప్పట్లకు రెండు చేతులు

మనం ముందుకు నడిచినా, ఆగి నిలబడినా ఘర్షణ చలవే. ఘర్షణ బలాన్ని, రెండు తలాలను ఒకదానికొకటి అదిమే బలంతో భాగిస్తే వచ్చే సంఖ్యను ఘర్షణ గుణకం అంటారు. ఇక్కడ ఒక సంగతి మరచిపోకండి. ఈ గుణకం బూటుది కాదు, నేలదీ కాదు. ఆ రెంటి జతది. ఒంటి చేత్తో చప్పట్లు మోగవు కదా! ఒకే బూటుకు పొడి తారురోడ్డు మీద ఒక విలువ, తడి గచ్చు మీద మరొక విలువ, గరుకు ఇసుక మీద ఇంకొక విలువ.

మన కొండల మీద ఏముంది?

విశాఖ చుట్టూ ఉన్న కొండలు తూర్పు కనుమలలోనివి. వీటిలో ఎక్కువగా కనిపించే రాయి ఖొండలైట్. ఖోండు అనే గిరిజనుల పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. ఎండకు, వానకు ఈ రాయి శిథిలమై ఎర్రమట్టి అవుతుంది. ఆ ఎరుపు ఇనుప ఆక్సైడ్లది. రాతిలోని క్వార్ట్జ్, గార్నెట్ వంటి గట్టి ఖనిజాలు మాత్రం త్వరగా అరగక, గింజల్లా మిగిలిపోతాయి. పొడి రోజుల్లో గట్టి నేల మీద ఈ గింజలు వదులుగా పరుచుకుని ఉంటాయి. చదునైన అడుగు వాటి మీద పడితే అవి సైకిలు బేరింగులోని గుండ్లలా దొర్లుతాయి. జారుడు ఘర్షణ కంటే దొర్లుడు ఘర్షణ చాలా తక్కువని మీరు చదువుకున్నారు కదా! గాడులున్న అడుగైతే గింజలు గాడుల్లోకి తప్పుకుంటాయి. గట్లు కింది నేలను పట్టుకుంటాయి.

దిగేటప్పుడే ఎందుకు?

వాలు మీద మన బరువు రెండు పాళ్లుగా పనిచేస్తుంది. ఒకటి మనల్ని నేలకు అదుముతుంది. రెండోది వాలు వెంట కిందికి లాగుతుంది. 20 డిగ్రీల వాలు మీద జారకుండా నిలబడాలంటే ఘర్షణ గుణకం కనీసం 0.36 ఉండాలి. 30 డిగ్రీలైతే 0.58 కావాలి. పరుగున దిగేవాడు వేగాన్ని ఆపుకోవాలి కనుక ఇంకా ఎక్కువ కావాలి.

నేను చేసిన తప్పు మరొకటి ఉంది. భయపడి వెనక్కి వాలి, కాలు ముందుకు చాపాను. అప్పుడు కాలు నేలను కిందికి అదిమేది తగ్గి, ముందుకు తోసేది పెరుగుతుంది. గోడకు ఆనించిన నిచ్చెన కాళ్లను మరీ దూరం జరిపితే ఏమవుతుందో ఇక్కడా అదే అయింది. అందుకే దిగేటప్పుడు పొట్టి అడుగులు వేయాలి. పాదం ఒంటి కిందే పడాలి.

మీరూ చేసి చూడండి

ఒక మీటరు పొడవున్న చెక్కపలకను నేల మీద పెట్టి, దాని మీద ఒక బూటు ఉంచండి. పలక ఒక కొసను మెల్లగా పైకెత్తండి. బూటు జారడం మొదలుపెట్టగానే ఆపి, ఆ కొస ఎత్తునూ, కింద నేల మీది దూరాన్నీ కొలవండి. ఎత్తును దూరంతో భాగిస్తే ఘర్షణ గుణకం వస్తుంది. ఉదాహరణకు ఎత్తు 60 సెంటీమీటర్లు, దూరం 80 సెంటీమీటర్లు అయితే గుణకం 0.75.

ఇప్పుడు పలక మీద కాస్త గరుకు ఇసుక చల్లి మళ్లీ చేయండి. తరువాత పలకను తడిపి చేయండి. ప్రతిదీ మూడుసార్లు చేసి సగటు తీయండి. మా తొమ్మిదో తరగతి పిల్లలు నా కొత్త బూటును, ఒక కుర్రాడి పాత కాన్వాసు బూటును ఇలాగే పరీక్షించారు. శుభ్రమైన పలక మీద నాది గెలిచింది; ఇసుక మీద గాడులున్న కాన్వాసు బూటు గెలిచింది. అంతవరకు తన బూట్లను బెంచీ కింద దాచుకునే ఆ కుర్రాడు ఆ రోజు వాటిని పైకెత్తి అందరికీ చూపించాడు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా దేశస్థుడు అబేబే బికిలాకు కొత్త బూట్లు సరిపడలేదు. వట్టి కాళ్లతోనే మారథాన్ పరుగెత్తి, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. 1964లో టోక్యోలో బూట్లు వేసుకుని పరుగెత్తాడు. 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మళ్లీ అతడే గెలిచాడు. బూట్లు మంచివా, వట్టి కాళ్లు మంచివా అన్నది కాదు ప్రశ్న. ఏ పాదానికి, ఏ నేలకు ఏది సరిపడుతుందన్నదే ప్రశ్న. దానికి జవాబు ధరల చీటీలో దొరకదు; పరీక్షలో దొరుకుతుంది. కొత్త బూట్లను మాత్రం మొదట చదును నేల మీద నాలుగు రోజులు వాడి చూసి, ఆ తరువాతే కొండ ఎక్కండి. నా మోచేతి మాట వినండి!

ఆలోచించండి

1. బూటులో ఇటుక ముక్క పెట్టి పలకను ఎత్తితే, జారే ఎత్తు బాగా మారుతుందా? ముందు ఊహించి, తరువాత చేసి చూడండి.

2. గాడులు బంకమట్టితో నిండిపోతే ఏమవుతుంది? ఎందుకు?