నడుము బిగిసింది కండరంలోనా, ఎముకలోనా?



చింతకింది మల్లేశం గారి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో ఆయన తల్లి లక్ష్మి గారు చీరలకు ఆసు పోసేవారు. ఒక పక్క ఉన్న మేకుకూ, ఎదురుగా అర్ధచంద్రాకారంలో నాటిన మేకులకూ మధ్య నూలును చేత్తో అటూ ఇటూ తిప్పడమే ఆసు పోయడం. ఒక్క పోచంపల్లి చీరకు చేయి దాదాపు 9 వేల సార్లు ఆడాలి. భుజం నొప్పితో తల్లి పడే బాధ చూడలేక మల్లేశం గారు ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

యంత్రం ఆ ఒక్క పనిని తీసేసింది. మగ్గం పని, నాట్లు, పత్తి ఏరడం ఇంకా మన ఒంటితోనే జరుగుతున్నాయి. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట వైపు గుంట మగ్గం మీద కూర్చునే వారిని గమనించండి. కాళ్లు గుంటలో, తొడలు మడిచి, వీపు గుండ్రంగా, మెడ కిందికి. ఒక చేయి నాడె తాడు లాగుతుంది, రెండోది నేతను దగ్గరికి కొడుతుంది. రోజుకు ఎనిమిది, పది గంటలు ఇదే తీరు.

కండరాలు చాలావరకు జతలుగా పనిచేస్తాయి. ఒకటి ముడుచుకుంటే ఎదుటిది సాగాలి. ఎప్పుడూ ముడుచుకునే ఉన్న కండరం క్రమంగా పొట్టిదవుతుంది. ఎప్పుడూ సాగే ఉన్నది బలం కోల్పోతుంది. దీనినే కండరాల అసమతుల్యత అంటాము. నేత పనివారిలో ఛాతీ కండరాలు, తొడ ముందు భాగం బిగుస్తాయి. రెక్కల మధ్య వీపు, పిరుదుల కండరాలు నీరసిస్తాయి. నొప్పి నీరసించిన చోట తెలుస్తుంది గనుక అందరూ వీపుకే మందు రాస్తారు. బిగుసుకున్నది ముందు వైపు అని తోచదు.

ఛాతీకి: తలుపు చట్రానికి రెండు ముంజేతులూ ఆనించి, ఒక అడుగు ముందుకు వేసి నిలబడండి. తొడకు: మంచం చివరన వెల్లకిలా పడుకొని, ఒక మోకాలిని రెండు చేతులతో పొట్టకు హత్తుకోండి, రెండో కాలిని మంచం కిందికి వేలాడనివ్వండి. లాగినట్టు ఉండాలి గాని నొప్పి ఉండరాదు. 20 నుండి 30 సెకన్లు అలాగే ఉండి, ఊపిరి బిగబట్టకుండా, ఒక్కో వైపు మూడు సార్లు చేయండి. ఊగుతూ, కుదుపుతూ లాగితే కండరం ఇంకా బిగుసుకుంటుంది. నిద్ర లేచిన వెంటనే కంటే, పని చేసి ఒళ్లు వెచ్చబడ్డాక చేయడం మేలు. తరువాత రెండు రెక్కలను వెనక్కి దగ్గరగా నొక్కి, ఐదు లెక్కపెట్టి వదలండి, పది సార్లు. సాగదీయడం ఒక్కటే చాలదు, నీరసించిన దానికి బలం కూడా కావాలి. నాట్లు వేసే అక్కలు మాత్రం అరగంటకొకసారి లేచి, నడుము మీద చేతులు పెట్టి మెల్లగా వెనక్కి వంగితే చాలు.

ఇక అసలు జాగ్రత్త. మన ప్రాంతంలో బిగుసుకున్న ప్రతి నడుమూ కండరం వలన కాదు. నేల కింది రాళ్లలోని ఫ్లోరైడ్ బోరు నీళ్లలో కలిసి, ఏండ్ల తరబడి తాగిన వారి ఎముకల్లో చేరుతుంది. వెన్నుపూసలను కలిపి ఉంచే స్నాయువులు సున్నంలా గట్టిపడతాయి. దీనిని సాగదీయడం ఎవరి వల్లా కాదు. లూకా సువార్త 13వ అధ్యాయంలో ప్రభువు బాగుచేసిన నడుము వంగిన స్త్రీని మనమందరం ఎరుగుదుము. మన ఊళ్లో అలా వంగిన పెద్దమ్మను చూస్తే మాత్రం "వయసు మీదపడింది" అని ఊరుకుంటాము!

ఇంట్లోనే చూసుకోదగిన పరీక్షలు మూడున్నాయి. మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ల తీయగలరా? గడ్డం ఛాతీకి తాకుతుందా? చేతులు పక్కలకు చాచి, మోచేతులు మడిచి తల వెనుక పట్టుకోగలరా? తొడ వెనుక కండరం బిగిసినా బిళ్ల అందకపోవచ్చు, మెడ అరిగినా గడ్డం తాకకపోవచ్చు. కాబట్టి వీటితోనే రోగం తేల్చుకోవద్దు. కాని మూడూ చేయలేకపోతే, పళ్ల మీద గోధుమ రంగు చారలు కూడా ఉంటే, ఎక్స్‌రే తీయించుకునే దాకా బలవంతపు వ్యాయామాలు చేయవద్దు. పిల్లలతో నడుము తొక్కించుకోవడం అసలే వద్దు. గట్టిపడిన వెన్ను లోపల నరాలకు చోటు ఇరుకవుతుంది. కాళ్లు తిమ్మిరెక్కినా, నడకలో కాళ్లు కర్రల్లా అనిపించినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఆసుపత్రికి రావాలి.

వారికీ కదలిక అవసరమే. నొప్పి లేనంత మేరకు కీళ్లు ఆడించడం, నడవడం మంచిది. అయితే మొదటి మందు నీరు మార్చడం. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరు మీదనే నల్లగొండ పద్ధతి అని పేరు వచ్చింది. మిషన్ భగీరథ నల్లా ఉన్న ఇళ్లలో తాగడానికీ, వంటకూ ఆ నీళ్లే వాడండి. చాలా ఇళ్లలో తాగేది నల్లా నీరే గాని, పప్పు ఉడికేది బోరు నీటిలోనే. పాలు, రాగులు, ఉసిరికాయ తినండి. సున్నం తక్కువైన ఒంట్లో ఫ్లోరైడ్ హాని ఎక్కువ.

డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు, మీరు తాగే నీటిని శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి తీసుకురండి, గాజు సీసా వద్దు. ఆ నీరు ఏ బోరుదో, ఎన్నేండ్లుగా తాగుతున్నారో ఒక చీటీ మీద రాసి సీసాకు అంటించండి.