ఇత్తడి తూటా ఎందుకు పగులుతుంది?

అండమాన్ దీవుల్లో రెండు రుతుపవనాలూ వర్షిస్తాయి. శ్రీ విజయపురం(పోర్ట్ బ్లెయిర్)లో ఏటా సుమారు 3,000 మి.మీ. వాన కురుస్తుంది. గురిపోటీల తూటాలకు ఈ తేమ ముప్పేనా?

మందును, గుండును పట్టి ఉంచే తొడుగును 70 శాతం రాగి, 30 శాతం జింకు కలిసిన ఇత్తడితో చేస్తారు. వేడి చేయకుండా సాగదీయడం వల్ల లోహంలో ఒత్తిడి మిగులుతుంది. తేమకు అమ్మోనియా తోడైతే పగుళ్లు వస్తాయి. బ్రిటిష్ ఇండియాలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాలు పగిలాయి. మూత్రం నుంచి వెలువడే అమ్మోనియాయే కారణమని 1921లో వివరించారు.

మెడ పగిలితే గుండుపై పట్టు మారుతుంది, వేగం మారుతుంది, గురి తప్పుతుంది. అందుకే తొడుగులను మితంగా వేడిచేసి ఒత్తిడి తగ్గిస్తారు. పగుళ్లు లేని, ఒకే విడతలో తయారైనవి ఎంచుకుని, అమ్మోనియా ఉన్న శుభ్రపరిచే ద్రవాలకు దూరంగా, పొడిగా ఉంచాలి.