చల్లగాలి వచ్చే దారి: కూలరు డక్టు ఎంపిక, సంరక్షణ

గ్రీష్మంలో కఫం క్షీణించి, వాతం సంచయమగును. కనుకనే వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలోని ఋతుచర్యాధ్యాయంలో, ఆ ఋతువున మధ్యాహ్నం చల్లని గృహంలో విశ్రమించవలెనని విధించినారు. చొప్పదండి ప్రాంతంలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే దినాలు కలవు. పూర్వం గుమ్మాలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. నేడు ఆ పని కూలరు చేయుచున్నది. కొందరు గృహస్థులు కూలరును సజ్జ మీదనో, మేడ మీదనో ఉంచి, వంగే గొట్టం ద్వారా లోపలి గదికి గాలిని తెచ్చుకొనుచున్నారు. ఈ గొట్టమే డక్టు. రాత్రంతా పిల్లలు, వృద్ధులు పీల్చేది ఈ దారిన వచ్చిన గాలినే. కావున దీనిపై శ్రద్ధ అవసరం.

చరకసంహిత విమానస్థానం ఐదవ అధ్యాయంలో స్రోతస్సుల వర్ణన కలదు. స్రోతస్సు అనగా దేహంలో ద్రవ్యాలు సంచరించే మార్గం. అది దుష్టి చెందినపుడు గ్రంథి, విమార్గగమనం, సంగం, అతిప్రవృత్తి అను నాలుగు లక్షణాలు కనిపించును. ఇంటిలోని గాలిదారికి కూడా ఈ నాలుగింటినీ పోల్చి చూడవచ్చును.

గ్రంథి: గొట్టం మడతపడినచోట గాలి మందగించును. డక్టు వ్యాసం కూలరు మూతికి సరిపోవలెను. పొడవు ఎంత తక్కువైతే అంత మంచిది. గొట్టాన్ని పూర్తిగా సాగదీసి బిగించి, మిగిలినది కత్తిరించవలెను. వంపు తప్పనిసరియైనచో గుండ్రంగా తిప్పవలెనే గాని మడవరాదు. నడుమ జారకుండా నాలుగైదు అడుగులకొక వెడల్పు పట్టీ కట్టవలెను. జారినచోట తేమ నిలుచును.

విమార్గగమనం: అతుకుల వద్ద గాలి బయటికి పోయినచో కరెంటు ఖర్చే తప్ప చల్లదనం రాదు. అతుకులను క్లాంపుతో బిగించి, పైన అల్యూమినియం టేపు చుట్టవలెను. గుడ్డ చుట్టినచో అది త్వరలోనే ఊడిపోవును. ఏసీకి వాడే డక్టుకు దూది వంటి గాజునార పొర ఉండును. ఆ పొర చిరిగినచో చేతితో తాకక, ఆ భాగాన్ని మార్పించవలెను.

సంగం: దుమ్ము, తేమ కలిసినచోట బూజు పట్టును. కాస, శ్వాస రోగులకు ఇది మిక్కిలి హానికరం. కూలరు ఆపుటకు ముందు పంపు కట్టివేసి, పావుగంటసేపు ఫ్యాను మాత్రమే తిప్పినచో గడ్డి, గొట్టం ఆరును. తొట్టిని వారానికొకసారి ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టవలెను. లేనిచో అందులో దోమలు వృద్ధి చెందును. శుభ్రం చేయునపుడు ముందుగా ప్లగ్గు తీయవలెను. బూజు పట్టిన గాజునార డక్టును కడిగి బాగుచేయలేము, మార్చుటయే మేలు. సాంబ్రాణి పొగ ఎక్కించుట వలన మసి చేరునే గాని శుద్ధి కాదు.

అతిప్రవృత్తి: గాలి నేరుగా తలకు, ఛాతీకి తగులరాదు. డక్టు మూతిని గోడవైపునకు గాని, పైకప్పు వైపునకు గాని తిప్పవలెను. ఎండనపడి వచ్చినవారు చెమట ఆరిన తరువాతనే గాలికి కూర్చొనవలెను. కూలరు నడుచునపుడు ఎదుటి కిటికీ కొంచెం తెరచి ఉంచవలెను. లేనిచో గదిలో ఉక్క పెరుగును.

వర్షాలు ఆరంభమైన తరువాత గాలిలోనే తేమ ఉండుటచే కూలరు చల్లబరచజాలదు. అపుడు డక్టును విప్పి, తుడిచి, ఆరబెట్టి, ఎలుకలు దూరకుండా రెండు మూతులు కట్టి భద్రపరచవలెను. మరుసటి వేసవిలో బిగించుటకు ముందు లోపల వాసన చూడవలెను.

కూలరు వేసినపుడే దగ్గు వచ్చి, ఆపగానే తగ్గుచున్నచో మొదట గాలిదారిని పరీక్షించవలెను. అది శుభ్రపడిన తరువాత కూడా దగ్గు తగ్గకున్నా, ఆయాసం ఉన్నా గృహవైద్యంతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించవలెను.