నేను చేశానని చెప్పు

ముళబాగిలు

చిన్నీ,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వానలు తెరిపిచ్చాయి, అవ్వ మోకాళ్ళ నొప్పులు కాస్త నయం. మీ అమ్మ మాత్రం ఫోనులో ఒకటే గోల. రాత్రి ఒంటిగంట దాకా ‘మిజ్ మార్వెల్’ చూస్తున్నావంట! కళ్ళేం కావాలే? సరే, తిట్టింది చాలు. నేనూ చూశాను. ఉన్నవి ఆరు భాగాలేగా, రోజుకొకటి చూస్తే పోలా?

అందులో కమలా ఖాన్ నాకు భలే నచ్చింది. పదహారేళ్ళ పిల్ల, అమ్మ వద్దన్న చోటికి దొంగచాటుగా వెళ్ళి చీవాట్లు తింటుంది, అచ్చం నీలాగే. మీ అమ్మకది కాలక్షేపం. నాకలా అనిపించదు, ఎందుకో చెప్తా.

నీ వయసులో మేము కోలార్ బంగారు గనుల దగ్గర, ఛాంపియన్ రీఫ్‌లో ఉండేవాళ్ళం. మా లైన్ ఇళ్ళన్నిటికీ ఒక్క టీవీ. 1989లో దూరదర్శన్‌లో ‘ఉడాన్’ మొదలైంది. హిందీ సగం అర్థమయ్యేది కాదు. అయినా అందులో పోలీసైన కల్యాణి ఖాకీ బట్టల్లో కనబడితే చాలు, ఆడపిల్లలమంతా నిటారుగా కూర్చునేవాళ్ళం. రాసిందీ, తీసిందీ, నటించిందీ ఒక్కరే, కవితా చౌధరి. కథ వాళ్ళక్క కాంచన్‌ది. ఆవిడ నిజంగానే ఐపీఎస్ అధికారి. 2004లో ఉత్తరాఖండ్ డీజీపీ అయ్యారు, దేశంలో ఆ పదవికెక్కిన మొదటి మహిళ ఆవిడే. ఆ సీరియల్ రాకముందు పోలీసవుతానని మా వీధిలో ఏ ఆడపిల్లా అనలేదు. తర్వాత అన్నారు. ఎవరూ కాలేదనుకో, కానీ నోటికి ఆ మాట వచ్చింది. అది చిన్న సంగతి కాదమ్మా.

నువ్వేమో మైనింగ్ చదువుతానంటున్నావు. తాత గనిలో షిఫ్టుకి దిగే రోజుల్లో ఆడవాళ్ళు భూగర్భంలో పని చెయ్యడానికి 1952 గనుల చట్టం ఒప్పుకునేది కాదు. 2001లో మన గనులు మూసేశారు, ఆ నిబంధన మాత్రం పోలేదు. 2019లో సడలించారు. 2021లో ఝార్ఖండ్‌లో ఆకాంక్షా కుమారి అనే ఇంజనీరు భూగర్భ బొగ్గుగనిలో ఉద్యోగానికి చేరింది. మీ నాయన “ఆడపిల్లకెందుకు” అంటే ఆ పేరు చెప్పు. కోప్పడకుండా చెప్పు, ఆయనది భయమే గాని మొండితనం కాదు.

ఇంకొకటి. బలమంటే కొట్టడమే అనుకోకు. ఏడుస్తూ ఓర్చుకోవడం అసలే అనుకోకు. మన ముళబాగిలు వైపు పుట్టిన సౌందర్య తానే నిర్మాతగా ‘ద్వీప’ తీసింది. గిరీశ్ కాసరవళ్ళి దర్శకుడు, జాతీయ ఉత్తమ చిత్రంగా బహుమతి వచ్చింది. డ్యాము నీళ్ళు ఊరిని ముంచుతుంటే, కొండమీద మిగిలిన ఇంటిని ఆమె వేసిన నాగి ఒళ్ళు హూనం చేసుకుని నిలబెడుతుంది. వాన తగ్గాక మొగుడు అంతా దేవుడి దయ అంటాడు. అప్పుడు సౌందర్య ముఖం చూడు. ముప్ఫై ఏళ్ళు దాటీ దాటకుండానే పోయింది ఆ పిల్ల, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఎందుకు చెబుతున్నానంటే, కాలేజీ ప్రాజెక్టు మొత్తం నువ్వు చేస్తే పేరు మీ జట్టులో అబ్బాయిలకు పోయిందని రాశావు. “పోనీలే పెద్దమ్మా” అని కూడా రాశావు. ఏం పోనీలే? నోట్సు తీసుకుని మీ మేడం దగ్గరికి వెళ్ళు. ఏడవకు, అరవకు. ఏ పని ఎప్పుడు చేశావో చూపించి, ఇది నేను చేశాను అను. గొంతు వణికితే వణకనీ, మాట మాత్రం పూర్తి చెయ్యి.

సోమవారమే వెళ్ళు. ఆవిడేమన్నదో నాకు రాయి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ