తలకు దెబ్బ తగిలాక మనిషే మారిపోయాడు

ప్రశ్న: మా ఆయనకు 38 ఏళ్లు. ఎనిమిది నెలల కింద బైకు మీది నుంచి పడితే తలకు గట్టి దెబ్బ తగిలింది. గాయం మానింది. కానీ చీటికిమాటికి కోపం, పిల్లల మీద అరుపులు, చెప్పిన మాట మరుపు. గాలి సోకిందని అత్తమ్మ అంటోంది.
– ఒక సోదరి, మంచిర్యాల

జవాబు: అమ్మా, ఇది గాలీ కాదు, చేతబడీ కాదు. మీ మీద ప్రేమ తగ్గడమూ కాదు. నుదుటి వెనక ఉండే మెదడు భాగం కోపాన్ని ఆపుతుంది, ఆలోచించి మాట్లాడేలా చేస్తుంది. అక్కడ దెబ్బ తగిలితే ఆ అదుపు సడలుతుంది. పైగాయం మానినా లోపలి మార్పులు నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉంటాయి. చాలామందిలో దిగులు కూడా తోడవుతుంది, అదే కోపంగా బయటపడుతుంది.

కోపం వచ్చినప్పుడు వాదించకండి, పిల్లలను పక్కగదిలోకి తీసుకెళ్లండి. ఒకసారికి ఒకే పని చెప్పండి, గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టండి. నిద్ర తప్పనివ్వకండి. కల్లు, సారా పూర్తిగా మానాలి. వాటితో ఫిట్స్ ముప్పు పెరుగుతుంది. డాక్టర్ చెప్పేదాకా బైకు వద్దు.

పాత స్కాన్ ఫిల్ములు, డిశ్చార్జి కాగితం పట్టుకుని కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిలోగానీ ఆదిలాబాద్ రిమ్స్‌లోగానీ మానసిక వైద్యులకు చూపించండి. మందులతో కోపం, దిగులు తగ్గించవచ్చు. ఆయనతో పాటు మీరూ అలసిపోయారు. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

ఫిట్స్ వచ్చినా, వాంతులతో తలనొప్పి ముదిరినా, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పినా, మత్తుగా పడి ఉన్నా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. చావు మాటలు మాట్లాడినా, చేయి చేసుకున్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.